హెడ్డమ్మకు దారి

మానవ చరిత్రలో దారి ఇవ్వడం అనేది చాలా పెద్ద సంగతి. దారి ఇవ్వనందుకు యుద్ధాలు జరిగాయి. ఇచ్చినందుకు రాజ్యాలు పోయాయి. ఇరుకు వంతెన మీద ఎదురుపడి, ఇద్దరూ వెనక్కి తగ్గక, చివరికి ఏట్లో పడ్డ మొండివాళ్ల కథ లేని దేశం ఉండదు. ఇంతటి ఘన చరిత్రలో మా అత్త పాత్రను ఎవరూ నమోదు చేయలేదు కాబట్టి, ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

మా అత్త అంటే మా నాన్నకు అక్క. అరవై ఒక్క ఏళ్ల జీవితంలో ఆవిడ ఎవరికైనా దారి ఇచ్చినట్టు దాఖలా లేదు. మట్టిరోడ్డు మీద ట్రాక్టరు ఎదురైతే ఆలోచించుకోవాల్సింది ట్రాక్టరే. బస్సులో కండక్టరు లోపలికి జరగమంటే, "బస్సు కదులుతోందిగా, అది చాలదా?" అంటుంది. మా మావయ్యతో మొట్టమొదటిసారి రోడ్డు మీద నడిచిన రోజున ఆవిడ రెండడుగులు ముందుందట. ముప్ఫై ఎనిమిదేళ్లుగా మావయ్య ఆ రెండడుగులు తగ్గించే ప్రయత్నం ఏదీ చేయలేదు. వెనక నడిస్తే గాలివాన ముందు ఆవిడకే తగులుతుందని ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషి, పదహారేళ్లపాటు, పొద్దున్న ఐదింటికి ఒకసారీ సాయంత్రం నాలుగింటికి ఒకసారీ, పాల షెడ్డు గుమ్మం దగ్గర పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించి, బకెట్టు పొట్టకు అదుముకుని నిలబడి, ఒక ఆవుకు దారి ఇచ్చింది. "ఊఁ, పద తల్లీ. ముందు నువ్వు," అనేది. లెక్కేస్తే పదకొండు వేల పైచిలుకు సార్లు. మనుషులందరికీ కలిపి ఇవ్వాల్సిన దారంతా ఒక్క ఆవుకే ఇచ్చేసింది.

ఆ ఆవు పేరు హెడ్డమ్మ. బళ్లో హెడ్డు టీచరమ్మలాగా అందరికంటే ముందు వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, వెనక ఉన్న మందను ఎడమ భుజం మీదుగా ఓసారి పరికించి చూసేది. ఆ చూపులో హాజరుపట్టీ ఉండేది. తర్వాత తల దించి గడపను వాసన చూసి, ముక్కుతో ఒక్కసారి బుస్సుమని, లోపలికి నడిచి మొదటి మేత గాడి దగ్గర నిలబడేది. అప్పుడు మిగతా పదకొండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఎవరి గాడి దగ్గర అవి నిలబడేవి. చివర వచ్చేది ఒక బక్కపలచని ఎర్రావు. అది ఎప్పుడూ చివరే వస్తుంది కాబట్టి, ఎవరూ పెద్దగా ఆలోచించకుండా చివరిది అనే పేరు పెట్టారు.

మా పొలం మరీ పెద్దది కాదు. గడ్డి మేసే బయలు, పన్నెండు గాళ్ల సిమెంటు షెడ్డు, రెండు ఆవులకు ఒకేసారి పాలు పితికే మిషను ఒకటి, పాలు చల్లబెట్టే తొట్టి ఒకటి, ఇల్లు. నాన్నదీ అత్తదీ సగం సగం. రోజూ పొద్దున్న ఆరున్నరకు పాల వ్యాను గేటు దగ్గరికి వస్తుంది. మావయ్య గడియారాలు బాగుచేస్తాడు. ఇంట్లో ఏడు గడియారాలు ఉన్నాయి, ఏ రెండింటికీ పొత్తు కుదరదు. అందుకని మేం టైము వ్యాను హారన్‌ని బట్టే తెలుసుకుంటాం.

హెడ్డమ్మ పాలివ్వడం మానేసి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ నాన్నకీ అత్తకీ మధ్య ఒకే గొడవ, నెలకోసారి, పదం మారకుండా జరిగేది.

"అక్కా, వట్టిపోయిన ఆవును ఎన్నాళ్లు మేపుతాం? అది చేసే పనేమిటి చెప్పు."

"నువ్వు చేసే పనేమిటో ముందు నువ్వు చెప్పు."

"నేనా? నేను పాలు పితుకుతాను, గడ్డి కోస్తాను, పేడ ఎత్తుతాను."

"అవన్నీ అది మిగతావాటిని లోపలికి తెచ్చాకే కదరా చేస్తావు? అది ఆవు కాదు, ఉద్యోగి. ఉద్యోగిని పట్టుకుని పాలేవీ అని అడుగుతారా ఎక్కడైనా?"

దీంతో నాన్న పేడతట్ట ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లిపోయేవాడు. వచ్చే నెల దాకా ఆగేవాడు.

నేను ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంటికి వెళ్లిన వారమే హెడ్డమ్మకు సుస్తీ చేసింది. ఆదివారం సాయంత్రం అందరినీ లోపలికి తెచ్చి, తన గాడి దగ్గర పడుకుంది. సోమవారం పొద్దున్న లేవలేదు. హెడ్డమ్మ కదలడం లేదని ఆ రాత్రి మిగతావాటినీ బయలుకు తోలలేదు కాబట్టి పాల పని ఎలాగో జరిగిపోయింది. పశువుల డాక్టరు వచ్చి, చెవి పట్టి చూసి, డొక్క మీద చెయ్యేసి చూసి, సూది తీయకుండానే సంచీ మూసేశాడు.

"ఇది జబ్బు కాదమ్మా. వయసు. పద్దెనిమిదేళ్లంటే ఆవుకి మాటలా?"

"వయసు నాకూ ఉంది డాక్టరుగారూ. నేను లేచానుగా పొద్దున్న?"

"మీరు వేరమ్మా."

"ఏం వేరు? ఇద్దరం ఒకే టైముకి లేస్తాం, ఒకే షెడ్డులో పనిచేస్తాం. సూది తీయండి."

డాక్టరు సూది తీశాడు, బలానికి ఏదో వేశాడు. ఆవుకోసం కాదు, తన క్షేమంకోసం వేశాడని నా నమ్మకం. అత్త తిండి తినకుండా ఆ గాడి పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. తడిగుడ్డతో దాని ముక్కు తుడుస్తూ, దాని ఉద్యోగ ధర్మం గురించి దానికి గుర్తు చేస్తూ కూర్చుంది. "నాలుగింటికి పనుంది. తెలుసుగా? నాలుగింటికి," అని పదేపదే చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి హెడ్డమ్మ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఊపిరిని తీరిగ్గా వదిలి, మళ్లీ పీల్చలేదు.

అత్త ఏడవలేదు. తడిగుడ్డ పిండి, మడతపెట్టి, "గంట ముందే పోయింది, సాయంత్రం పనికి అడ్డం రాకూడదని," అంది.

నాన్న మెల్లగా అన్నాడు: "అక్కా, లారీవాడికి ఫోన్ చేస్తాను. వాడే తీసుకెళ్తాడు. గొయ్యి తవ్వే శ్రమ ఉండదు."

"అది బతుకంతా లారీ ఎక్కలేదు. పోయాక కొత్త అలవాట్లు ఎందుకు దానికి?"

"గట్టినేల అక్కా, పార దిగదు."

"దిగేదాకా తవ్వు."

పార దిగలేదు. పక్క పొలం నుంచి తవ్వే మిషను తెప్పించి, బయలు చివర గొయ్యి తీయించాం. ట్రాక్టరుకు మోకు కట్టి హెడ్డమ్మను బయటికి తెచ్చే సమయానికి, మళ్లీ వచ్చిన డాక్టరు గుమ్మంలో నిలబడి కాగితమేదో రాసుకుంటున్నాడు. అత్త ఆయన మోచెయ్యి తట్టింది.

"జరగండి డాక్టరుగారూ. ఆవిడ వెళ్తోంది."

డాక్టరు జరిగాడు. నేను జరిగాను. నాన్న టోపీ తీసి పక్కకు జరిగాడు. అత్త ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి నిలబడింది. అలవాటు కొద్దీ బకెట్టు కూడా పొట్టకు అదుముకుంది.

అసలు చరిత్ర ఆ సాయంత్రం మొదలైంది.

మేం మట్టి పూడ్చి వచ్చేసరికి ఐదున్నర దాటింది. మంద బయలు నుంచి తనంతట తనే వచ్చి షెడ్డు ముందు ఆగింది. పదకొండు ఆవులు, బార్లా తీసిన గుమ్మం. ఒక్కటి లోపలికి అడుగు పెట్టదు. దానిముఖం ఇదీ, దీనిముఖం అదీ చూసుకుంటూ నిలబడ్డాయి. మర్యాదస్తులందరూ ఒకేసారి ఒక గుమ్మం దగ్గరికి చేరి, మీరు పదండంటే మీరు పదండని అక్కడే ఆగిపోయినట్టుంది. లావుగా ఉండే మచ్చల ఆవును మేం గుమ్మడి అంటాం. నాన్న దాని మెడతాడు పట్టుకుని ముందుకు లాగాడు. గుమ్మడి ఓ క్షణం ఆలోచించి కూర్చుంది. ఇంకోదాన్ని వెనకనుంచి నెట్టాడు. అది తోకతో ఆయన చెంప మీద కొట్టి, నెట్టిన చోటే నిలబడింది. తవుడు బకెట్టు చూపించాడు. పదకొండు మెడలూ గుమ్మంలోకి సాగాయి, నలభై నాలుగు కాళ్లూ బయటే ఉన్నాయి.

అత్త కాస్త దూరంలో చేతులు కట్టుకుని చూస్తోంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ గొంతులో కచ్చితమైన విజయం ఉంది.

"ఏం పని చేస్తుంది, ఏం పని చేస్తుంది అని నాలుగేళ్లు అడిగావుగా? ఇదీ అది చేసే పని."

"ఇప్పుడా అక్కా దెప్పేది?"

"ఇంకెప్పుడు దెప్పను? అది ఉన్నప్పుడు దెప్పితే నమ్మావా?"

ఆ సాయంత్రం ఒక్కొక్కదాన్ని ఇద్దరం ముగ్గురం కలిసి లోపలికి మోసినంత పనిచేసేసరికి ఏడైంది. లోపలికి వచ్చాక అవి పాలు చేపలేదు. ఆవు మనసు కుదురుగా లేకపోతే పాలు పొదుగులోనే బిగబట్టుకుంటుంది. మిషను ఎంత పీల్చినా గాలే వస్తుంది. మంగళవారం పొద్దున్న కూడా అదే భాగవతం. ఆరున్నరకు వ్యాను హారన్ కొట్టేసరికి గాళ్లలో నాలుగు ఆవులున్నాయి, ఏడు బయట ఉన్నాయి. డ్రైవరు పది నిమిషాలు ఆగి, దిగి వచ్చాడు.

"అమ్మగారూ, మీ తర్వాత ఇంకా తొమ్మిది స్టాపులున్నాయి. ఆగలేను. ఇంకో రెండుసార్లు ఇలాగైతే ఈ స్టాపే తీసేస్తారు. నేను కాదు, పైవాళ్లు."

"పైవాళ్లని రమ్మను. వచ్చి గుమ్మడిని నెట్టమను."

"నాకెందుకమ్మా ఆ గొడవ," అని డ్రైవరు ఖాళీగా వెళ్లిపోయాడు.

వ్యాను రాకపోతే పాలు ఎవరికి పోస్తాం? నాన్న ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ చెప్పాడు. టౌను దగ్గర పెద్ద డెయిరీవాళ్లు మందను మొత్తంగా తీసుకుంటామంటున్నారట. అక్కడ ఆవులు గుమ్మం దాటక్కర్లేదు, అన్నీ మిషన్లే చూసుకుంటాయట. "నాకూ ఓపిక తగ్గుతోందక్కా. ఇచ్చేద్దాం."

అత్త చెయ్యి కడుక్కుంది. "నా సగం ఇవ్వను."

"సగం మంద ఏం చేసుకుంటావు?"

"సగం గుమ్మంలో తోలుకుంటాను."

బుధవారం పొద్దున్న ఐదింటికి అత్త మందకు ముందు నిలబడింది. మమ్మల్ని వెనక్కి పొమ్మంది. బకెట్టు పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి నడిచి, మొదటి గాడి దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి చూసింది. పదకొండూ బయటే ఉన్నాయి. అత్త ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవాలన్న కుతూహలం వాటి ముఖాల్లో ఉంది, వెంట రావాలన్న ఉద్దేశం లేదు.

అత్త బయటికి వచ్చింది. కాసేపు ఆలోచించింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తొందరపడలేదు. బరువుగా, నిదానంగా, ఒళ్లు కాస్త అటూ ఇటూ ఊగేట్టు నడిచింది. గుమ్మం ముందు ఆగింది. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. నడుం వంచి గడప దాకా ముఖం దించింది. ముక్కుతో బుస్సుమంది. లోపలికి వెళ్లింది.

గుమ్మడి కదిలింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. అందరికంటే ఆఖరున చివరిది.

నాన్న నోరు తెరిచి ఉంది. "అక్కా, ఇప్పుడు నువ్వేం చేశావు?"

"బుసకొట్టాను."

"ఎందుకు?"

"నీకు చెప్తే అర్థం కాదు. చెప్పకుండానే వాటికి అర్థమైంది. మిషను తగిలించు."

ఇంకో చిక్కు కూడా ఉంది. అత్త ఆ గాడి దగ్గర్నుంచి కదిలితే మంద తలలు తిప్పి చూస్తోంది, పాలు ఆపేస్తోంది. కాబట్టి పని అయ్యేదాకా ఆవిడ అక్కడే నిలబడాలి. పొద్దున్న గంటంపావు, సాయంత్రం గంటంపావు. ఉత్తినే నిలబడే మనిషి కాదు కనుక, ఇంటిపని అక్కడికి తెచ్చుకుంది. బుధవారం సాయంత్రం గాడి గట్టు మీద పళ్లెం పెట్టుకుని చిక్కుళ్లు ఒలిచింది. గురువారం ఉల్లిపాయలు తరిగింది. ఉల్లిపాయల విషయంలో పక్కగాడి గుమ్మడి గట్టిగా తుమ్మి తన అభ్యంతరం తెలిపింది. శుక్రవారం క్యాబేజీ. మావయ్య గురువారం పొద్దున్న ఒక స్టూలు తెచ్చి గాడి దగ్గర వేశాడు. సాయంత్రం ఆవిడ స్వెట్టరు తగిలించుకోవడానికి గోడకు మేకు కొట్టాడు. శుక్రవారం ఒక గడియారం తెచ్చి ఆ మేకుకే తగిలించాడు. అది ఇరవై నిమిషాలు స్లో.

"రోజూ ఇలాగే నిలబడతావా అక్కా?" అన్నాడు నాన్న, గుమ్మడి పొదుగు కింద కూర్చుని.

"అది పదహారేళ్లు నిలబడింది. ఎందుకు నిలబడుతున్నావని నువ్వు దాన్నెప్పుడైనా అడిగావా?"

"అది ఆవు!"

"నేను మనిషిని. నాకు దానికంటే ఓపిక ఎక్కువుండాలి."

ఒకటి మాత్రం చెప్పాలి. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు అత్త తరగడం ఆపేది. గాడి ముందున్న ఇనపగొట్టం మీద నుదురు ఆనించి కళ్లు మూసుకునేది. హెడ్డమ్మ మెడ రాసుకుని రాసుకుని, ఆ గొట్టం అక్కడ మాత్రం అద్దంలా మెరుస్తుంది. నేను కేన్లు కడుగుతూ అటు చూడకుండా ఉండడం నేర్చుకున్నాను.

ఆ గురువారం, స్టూలు వేసి బయటికి వచ్చిన మావయ్య నా పక్కన చేరి కేను మూత తుడవడం మొదలుపెట్టాడు. ఆయన తనంతట తను మాట్లాడేది ఏడాదికి రెండుసార్లు. అందులో ఒకటి ఆ రోజు పడింది.

"హెడ్డమ్మకి ఎడమకొమ్ము సగమే ఉండేది, గుర్తుందా?"

"ఉంది మావయ్యా. ఏదో ఆవుతో పోట్లాడి విరగ్గొట్టుకుందన్నారుగా?"

"పోట్లాటా పాడా. మీ అత్త తోసింది."

రెండేళ్ల పెయ్యగా ఆ ఆవు వచ్చిన కొత్తల్లో సంగతట. వాన పడుతోంది. వ్యాను టైము అవుతోంది. పెయ్య గుమ్మం దగ్గర బెదిరి ఆగింది. దారికి ఎవరు అడ్డొచ్చినా ఏం చేస్తుందో అత్త దాన్నీ అదే చేసింది. వెనకనుంచి గట్టిగా నెట్టింది. గడప మీద తడికి గిట్ట జారి, అది ముందుకు పడి, కొమ్ము గోడకు తగిలి విరిగింది. మర్నాటి నుంచి ఆ పెయ్య గుమ్మం ముందు ఆగి, వెనక ఎవరున్నారో చూసుకుని, గడప తడిగా ఉందేమో వాసన చూసి, బుసకొట్టి మరీ లోపలికి వెళ్లేది. మర్నాటి నుంచే అత్త గోడకు ఆనుకుని నిలబడడం మొదలుపెట్టింది.

"తప్పు అయిందని దాంతో అనలేదు. నాతోనూ అనలేదు," అన్నాడు మావయ్య. "దారి మాత్రం ఇచ్చేది." కేను మూత పెట్టేసి, ఈ ఏడాదికి మిగిలిన ఒక్కసారిని దాచుకుని వెళ్లిపోయాడు.

అదే రోజు వ్యాను డ్రైవరు ఎందుకో పది నిమిషాలు ముందొచ్చాడు. హారన్ కొట్టకుండా షెడ్డులోకి తొంగిచూశాడు. వరసగా పదకొండు ఆవులు, మొదటి గాడిలో ముక్కుకి కళ్లజోడు, చేతిలో పేపరుతో మా అత్త.

"అమ్మగారూ, మీరక్కడేం చేస్తున్నారు?"

"డ్యూటీ. కేన్లు గేటు దగ్గరున్నాయి. ఎత్తుకో."

సాయంత్రానికి తొమ్మిది స్టాపుల్లోనూ తెలిసిపోయింది. నాన్న టౌనుకి మేకులకోసం వెళ్తే, కొట్టువాడు మేకులు తూస్తూ, "మీ ఇంట్లో కొత్త ఆవు బాగా చదువుకుందటగా?" అన్నాడట. నాన్న మేకులు తీసుకోకుండా తిరిగి వచ్చేశాడు. వచ్చీ రాగానే షెడ్డు ముందు అరిచాడు.

"అక్కా, నేను ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను!"

"తల తర్వాత ఎత్తుకుందువుగాని, ముందు ఆ పేడ ఎత్తు."

"నవ్వులాట కాదు. ఆరున్నరకు పాలు అందుతున్నాయి, ఒప్పుకుంటాను. కానీ మా అక్క ఆవైతే తప్ప నడవని పొలం నాకొద్దు. రేపు నీకు జ్వరమొస్తే? ఎల్లుండి నడుం పడితే? శనివారం దాకా చూస్తాను. శనివారం పొద్దున్న అవి వాటంతటవి లోపలికి వెళ్లాలి. నువ్వు ముందు నడవకూడదు, బుసకొట్టకూడదు. వెళ్తే సరే. వెళ్లకపోతే అదే రోజు డెయిరీవాళ్లకి ఫోన్. నీ సగం, నా సగం అని లేదు. మొత్తం."

అత్త చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ చూపు ముందు చాలామంది పక్కకు జరగడం నాకు తెలుసు. నాన్న జరగలేదు. ఎంతైనా ఆ ఇంటి రక్తమే.

"చూద్దాం," అంది. మా అత్త నిఘంటువులో ఆ మాటకు అర్థం: ససేమిరా.

శుక్రవారం సాయంత్రం క్యాబేజీ తరుగుతూ అత్త శనివారం ఊసే ఎత్తలేదు. మర్నాడు పాటించే ఉద్దేశం లేని షరతు గురించి మాట్లాడడం దండగని ఆవిడ అభిప్రాయం అయ్యుండాలి.

శనివారం పొద్దున్న ఐదింటికి మంద వచ్చి గుమ్మం ముందు ఆగింది. అత్త బకెట్టుతో ముందుకు నడిచింది. నాన్న అడ్డం వచ్చాడు.

"అక్కా, మాట ఇచ్చావు."

"ఇవ్వలేదు. చూద్దాం అన్నాను. చూశాను. నాకు నచ్చలేదు. జరుగు."

"జరగను."

"ఒరేయ్, నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని. జరుగు!"

"ఎత్తుకుని తిప్పావు సరే, ఎప్పుడైనా నా మాట విన్నావా? చిన్నప్పట్నుంచీ అన్నిట్లో నువ్వే ముందు. బడికి నువ్వే ముందు, నూతి దగ్గర నువ్వే ముందు. ఈ పొలం నాన్న నాకూ ఇచ్చాడు!"

"ఇస్తే? నాలుగేళ్లుగా దాన్ని అమ్మేద్దాం, పంపేద్దాం. పోయిన రోజున లారీ అన్నావు. లారీ! దాని గాడి ఖాళీగా వదిలేసి మంద మొత్తం అప్పగించేస్తే, ఇక అదిక్కడ ఉన్నట్టా, లేనట్టా? ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తుండదా? నేను దాని పాలు పితకలేదా పన్నెండేళ్లు? నాకు బాధ ఉండదనుకున్నావా? నీకు ఒక్కదానికేనా ఆవు పోయింది?"

ఇలా అంటున్నప్పుడు నాన్న గొంతు చిన్నపిల్లాడి గొంతులా పగిలింది. అరుచుకుంటూ అరుచుకుంటూ ఇద్దరూ తెలియకుండానే చెరో పక్కకు జరిగారు. ఆవిడ వీపు గుమ్మానికి కుడివైపు గోడకు, ఈయన వీపు ఎడమవైపు గోడకు ఆనుకుని ఉన్నాయి. మధ్యలో గుమ్మం ఖాళీగా ఉంది. నాకు తెలిసి ఆ గుమ్మానికి రెండువైపులా మనుషులు తప్పుకోవడం అది రెండోసారి.

అప్పుడు అందరి వెనకనుంచి చివరిది బయల్దేరింది. గుమ్మడిని ఒరుసుకుంటూ, మిగతావాటి మధ్యలోంచి సందు చేసుకుంటూ, తీరిగ్గా ముందుకు వచ్చింది. గుమ్మం ముందు ఆగింది. మెడ చాచి లోపలికి వాసన చూసింది. ముక్కుతో బుస్సుమంది. అత్తకూ నాన్నకూ మధ్యలోంచి నడిచి వెళ్లి మొదటి గాడి దగ్గర నిలబడింది. గుమ్మడి దాని వెనక వెళ్లింది. గుమ్మడి వెనక మిగతావన్నీ వెళ్లాయి.

ఆఖరి ఆవు లోపలికి పోయేదాకా ఇద్దరూ గోడలకు అతుక్కునే ఉన్నారు. తర్వాత అత్త ముక్కు ఎగబీల్చి, చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. వారంలో అది మొదటిసారి.

"చూశావా? పోతూ పోతూ ఖాళీగా పోలేదురా అది. చివర్లో వచ్చే దాన్ని ఇన్నేళ్లూ చూసి చూసి, తయారుచేసుకుని పోయింది. ఆ ఆగడం చూశావా? ఆ బుస చూశావా? అచ్చం అదే. ఇక ఫోన్ చేస్తావా డెయిరీకి?"

"చేయనులే," అన్నాడు నాన్న, టోపీతో ముఖం తుడుచుకుంటూ. లోపలికి అడుగు వేయబోయాడు.

అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు నేను."

ఆరున్నరకు హారన్ వినిపించేసరికి కేన్లు గేటు దగ్గరున్నాయి. పని అయ్యాక నేను గాళ్లు ఊడుస్తూ మొదటిదాని దగ్గరికి వచ్చాను. చివరిది ఇంకా నములుతోంది. గాడి అడుగున, నిన్న సాయంత్రం అత్త తరిగి వదిలేసిన క్యాబేజీ పైఆకులు మూడు మిగిలి ఉన్నాయి.